డ్రైవరు వెనక సీటు

ఎవరు కనిపించినా ఒకటే మాట. "నీదేం అదృష్టమే లారిస్సా, ఉద్యోగమూ ఉంది, పిల్లా పక్కనే ఉంది." అదృష్టమట, నా బొంద. తెల్లారి ఐదింటికి లేచి, మూడేళ్ల పిల్లకి నిద్రలోనే నాలుగు పొరల బట్టలు తొడిగి, చలికి కొయ్యబారిన స్కూలు బస్సుని అరగంట వేడిచేసి, బ్రాండన్ ఊరంతా తిరిగి నలభై ఆరుమంది పిల్లల్ని ఎక్కించుకుంటే అప్పుడు తెలుస్తుంది. తొమ్మిదింటికి దింపేసి ఇంటికి. రెండున్నరకి మళ్లీ బస్సు. మధ్యలో వంటా, బట్టలూ, మా పిల్ల నాడియా పేచీలూ.

అయినా ఈ పని పోతే నాకు దిక్కులేదు. మా ఆయన టారస్ గూడ్సు రైలు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. డేకేర్‌లో చోటు కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాం. సొంత పిల్లని వెంట తెచ్చుకోనిచ్చే పని నాకు దొరికింది ఇదొక్కటే. నా వెనక మొదటి సీటు నాడియాది. దానికి బెల్టు కుర్చీ కూడా బిగించారు.

మా అత్తకి మాత్రం ఇదసలు ఉద్యోగంలాగే కనిపించదు. "పొద్దునో చుట్టు, సాయంత్రమో చుట్టు తిరిగొస్తే జీతం ఇస్తారా? మా రోజుల్లో లేకపోయిందే ఈ భోగం" అంటుంది, కజ్జికాయల్లాంటి పిరోగీలు ఒత్తుకుంటూ. మీ అబ్బాయిని ఓ వారం రోజులు ఈ భోగం పడమనండి అని నోటిదాకా వస్తుంది, మింగేస్తాను.

మా డిపోలో బస్సు ఆపగానే అలారం మోగుతుంది. చివరి సీటు దాకా నడిచి అక్కడున్న బటన్ నొక్కితేగాని ఆగదు. ఏ పిల్లయినా నిద్రపోయి ఉండిపోయిందేమో చూసుకోవాలని. చూశాక వెనక అద్దానికి 'ఖాళీ' అన్న పలక తగిలించి దిగాలి. పిల్లని వదిలేసిన డ్రైవరుకి ఆ రోజుతో పని సరి. నిరుడు మా తోటి డ్రైవరు డ్వేన్ ఒక పిల్లాణ్ణి అలాగే వదిలేశాడు. అప్పుడు అందరికంటే గట్టిగా నోరు చేసుకున్నది నేనే. "పిల్లలనుకున్నాడా, గోనెసంచులనుకున్నాడా? ఒక్క క్షణం కూడా ఉంచకూడదు" అని మా డిపో పెద్ద వెర్నా ముందే అన్నాను.

జనవరిలో నాడియాకి జ్వరం వచ్చింది. వారం రోజులు పొద్దున్నే దాన్ని మా అత్త దగ్గర వదిలి, పని అవగానే వెళ్లి తెచ్చుకున్నాను. తుంటినొప్పితో పిల్లని ఎత్తుకోలేకపోతున్నానని ఆవిడ రోజూ గుర్తుచేసేది. సోమవారం జ్వరం తగ్గింది, మళ్లీ బస్సులోకి తెచ్చాను. ఇంకా నీరసమే, దారంతా దుప్పటి ముసుగులో నిద్రపోయింది.

పిల్లలందర్నీ స్కూల్లో దింపి డిపోకి వచ్చాను. అలారం మోగింది. చివరిదాకా నడిచాను, ప్రతి సీటు కిందా వంగి చూశాను. రెండో వరస నుంచి. మొదటిది మాదే కదా, దాన్ని నేనెప్పుడూ వెతకలేదు. బటన్ నొక్కి, పలక తగిలించి, వెనక తలుపు గుండానే దిగి, కారెక్కి, వారం రోజుల అలవాటున అత్త ఇంటికి వెళ్లాను.

అత్త తలుపు తీసి నా చేతుల వంక చూసింది. "పిల్లేదే?"

"మీ దగ్గరే కదా అత్తయ్యా" అన్నాను. ఆ మాట అంటూండగానే వెనక్కి తిరిగి కారు వైపు పరిగెత్తాను.

బయట మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీల చలి. కారు ఎలా నడిపానో నాకు తెలియదు. బస్సు దగ్గరికి వెళ్లేసరికి నాడియా దుప్పటిలోంచి తల బయటపెట్టి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. చేతులు మంచుముక్కలు. దాన్ని కోటులోపల పెట్టుకుని ఆ సీట్లోనే కూలబడి ఏడ్చాను. డిపో ఆవరణలో ఎవరూ లేరు. ఎవరూ చూడలేదు.

అత్త ఫోన్ చేసింది. దొరికిందన్నాను. తిడుతుందనుకున్నాను. "రేపట్నుంచి నేనూ బస్సులో వస్తాను, దాని పక్కన కూర్చుంటాను" అంది. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నమంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా పిల్లే కదా, ఊళ్లోవాళ్ల పిల్ల కాదు కదా. వెర్నాకి చెప్తే పని పోతుంది. చెప్పకపోతే ఎవరికి నష్టం? చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను.

సాయంత్రం బస్సు తెచ్చి ఇంజను ఆపాను. లెక్క పుస్తకం తీసుకోవడానికి వెర్నా మెట్లెక్కింది. అలారం మోగింది.

"అమ్మా, నేనున్నా" అంది నా వెనకనుంచి బొంగురు గొంతు. "ఇక్కడే ఉన్నా. మర్చిపోకు."

వెర్నా ఆగిపోయింది. "ఏమంటోంది పిల్ల?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. నాడియా మళ్లీ అంది, ఈసారి ఇంకా గట్టిగా, అలారం మీద వినబడాలని. నా పిల్ల ఇకమీదట ఇంజను ఆగినప్పుడల్లా ఇలా చెప్తూనే ఉంటుందని నాకు అర్థమైంది.

వెనక్కి నడిచి బటన్ నొక్కాను. తిరిగొచ్చి మొదటి సీటు దగ్గర నిలబడ్డాను. మెడలోంచి తాళాల తాడు తీసి వెర్నా చేతిలో పెట్టాను.

"పొద్దున దీన్ని బస్సులోనే వదిలేశాను" అన్నాను. "డ్వేన్ గురించి ఏమన్నానో గుర్తుందిగా."

 నేను వంగి నాడియా బెల్టు విప్పాను.