తిరగలి చప్పుడు

సోములమ్మ గొంతు మీద గడ్డకు విశాఖపట్నంలో సోమవారం ఆపరేషన్. మాట ఎంత మిగులుతుందో చెప్పలేమని డాక్టర్ ముందే చెప్పాడు. అందుకే శనివారం మధ్యాహ్నం దెబోరా మూడోసారి మైకు పట్టుకుని అనంతగిరి మండలంలోని సోములమ్మ ఊరికి వెళ్ళింది.

దెబోరా బడి టీచరు. పార్వతీపురంలోని ఒక సంస్థ కొండవాళ్ళు మాట్లాడే కువి భాషలో ఆడియో పాఠాలు తయారుచేస్తోంది. చోళ్ళు, అంటే రాగులు, విసిరేటప్పుడు పాడే పాట ఆ ఊళ్ళో పూర్తిగా సోములమ్మకే వచ్చు. మొదటి రికార్డింగు గాలి చప్పుడుందని తిప్పి పంపారు. రెండోది రేకుల మీద వాన చప్పుడుందని తిప్పి పంపారు.

ఈసారి దెబోరా గోడలకు దుప్పట్లు కట్టింది. నేల మీద గోనె సంచులు పరిచింది. కోళ్ళను బయటికి తోలింది. మైకుకు స్పాంజి తొడిగింది. సోములమ్మ కొడుకు ఫల్గుణ పక్క పాకలో కాఫీ పళ్ళ తొక్క తీసే యంత్రం నడుపుతున్నాడు. అరగంట ఆపమంది.

"ఇయ్యాల కోసినయి ఇయ్యాలే తియ్యాల టీచరమ్మా. పులిసిపోతే నీ పాట కొంటాదేటి?" అన్నాడు. అయినా ఆపాడు.

సోములమ్మ మూడు చరణాలు పాడి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టినా అక్కడే ఆగింది. తిరగలి తిప్పకపోతే తర్వాతి మాట రాదంది. చెయ్యి గాలిలో తిప్పమంటే తిప్పింది. మాట రాలేదు.

తిరగలి తెచ్చారు. చప్పుడు తగ్గుతుందని దెబోరా గింజలు వెయ్యొద్దంది. రాయి మీద రాయి గీరుకుని పాట మునిగిపోయింది. గుమ్మంలో ఫల్గుణ నవ్వాడు.

"ఉత్తి రాయి అరుత్తాది. గింజెయ్యి."

చోళ్ళు వేశారు. తిరగలి కింద నాలుగు సంచులు మడిచి పెట్టారు. దెబోరా మైకును సోములమ్మ నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, మైకు వెనక వైపు తిరగలికి ఉండేలా పెట్టి రికార్డింగు వాల్యూమ్ తగ్గించింది. పదకొండు చరణాలూ వచ్చాయి. ప్రతి మాటా తెలుస్తోంది. అడుగున తిరగలి చప్పుడు ఉంది.

సాయంత్రం ఫైలు అందాక, సంస్థలో పాఠాలు చూసే ప్రసాద్ ఫోన్ చేశాడు. రాయి చప్పుడు తీసేయమన్నాడు. ఫోన్లోనే ఒక్క బటన్ నొక్కితే పోతుందన్నాడు. దెబోరా నొక్కింది. చప్పుడుతోపాటు మాటల చివర్లూ పోయాయి. ఆ సంగతి చెబితే వచ్చే వారం మళ్ళీ రికార్డు చేయమన్నాడు. సోములమ్మ ఆపరేషన్ గురించి దెబోరా మూడోసారి చెప్పింది.

"అయితే ఆ పాట వదిలేద్దాం మేడమ్," అన్నాడు.

ఆదివారం పొద్దున ఆరాధనకు ముందే దెబోరా విశాఖపట్నం వెళ్ళే జీపు దగ్గరికి వెళ్ళింది. ఫల్గుణ బట్టల సంచి లోపల పెడుతున్నాడు. పాట ఆళ్ళకి నచ్చిందా అని సోములమ్మ అడిగింది.

"లేదమ్మా. రాయి వినబడుతోందట."

సోములమ్మ సీటు మీద సర్దుకుని కూర్చుంది.

"రాయి ఇనబడకపోతే, పని మానీసి ఊరికే కూకుని పాడినాననుకోరేటి?"

జీపు కదిలింది. దెబోరా అక్కడే నిలబడి, బటన్ నొక్కి శుభ్రం చేసిన ఫైలును ఫోనులోంచి తీసేసింది. తిరగలి ఉన్నదాన్నే ప్రసాద్‌కు మళ్ళీ పంపింది.