చదివినవ్ గదా

పుణె నుంచి హైదరాబాద్ వచ్చిన రోజు స్వరూప ఉప్పుగూడలోని పుట్టింటికి, బాపు దగ్గరికి పోలేదు. భర్త బాలరాజ్ మొదట వెతికేది అక్కడేనని ఆమెకు తెలుసు. ఆటో ఎక్కి నేరుగా మాదన్నపేటలో చిన్నమ్మ కళావతి ఇంటికి పోయింది. పెళ్లినాటికి బాపుకూ చిన్నమ్మకూ మాటల్లేవు. అందుకని బాలరాజ్ ఆమెను ఎన్నడూ చూడలేదు, ఆ ఇల్లు అతనికి తెలియదు.

బాలరాజ్ చెయ్యెత్తే మనిషి కాదు గానీ ప్రతిదానికీ జవాబు అడిగేవాడు. కూరగాయలకు పోయి వస్తే ఏ దారిన పోయినవ్, ఎవరు పలకరించిండ్రు, ఫోన్ ఎందుకు బిజీ వచ్చింది. ఆమె స్నానానికి పోతే తలుపు బయట నిలబడి పిలుస్తూనే ఉండేవాడు. అట్లా నాలుగేళ్లు చూసి, ఒకనాడు అతను డ్యూటీకి పోయినప్పుడు రెండు జతల బట్టలతో బయటపడింది.

కొత్త సిమ్, కొత్త ఫోన్ తీసుకుంది. మలక్‌పేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పని దొరికింది. మార్చలేనిది మెయిల్ ఐడీ ఒక్కటే. సర్టిఫికెట్లు, బ్యాంకు, విడాకుల కేసు కాయితాలు అన్నీ దానికే వచ్చేవి. వకీలు తనూజ కూడా దాన్ని మూసేయొద్దని గట్టిగా చెప్పింది.

బాలరాజ్ ఆ ఐడీకి మెయిళ్లు పంపేవాడు. తప్పయింది, తిరిగి రా, నువ్వు లేక ఇల్లు ఇల్లులాగ లేదు. స్వరూప చదివేది. జవాబు మాత్రం రాసేది కాదు. చదివితే పోయేదేముంది అనుకునేది.

ఒకరోజు వచ్చిన మెయిల్ ఇట్లా ఉంది: "మొన్నటి మెయిల్ పొద్దుగాల చదివినవ్ గదా. మధ్యాహ్నం మళ్ల చదివినవ్. కొత్త ఫోన్ మంచిగున్నదా? హైదరాబాద్‌ల ఉండి బాపు తాన గూడ పోతలేవేంది?"

డ్యూటీ అయిపోగానే ఆమె ఆటో ఎక్కింది. ఇంట్లోకి వచ్చేసరికి కళావతి కింద కూచుని తోటకూర ఏరుతోంది.

"చిన్నమ్మా, ఎవరికి చెప్పినవ్?"

"ఏంది బిడ్డా?"

"నేను ఈడున్న సంగతి, ఫోన్ మార్చిన సంగతి. మెయిల్ ఎప్పుడు చదివిన్నో గూడ ఆయనకు తెలుస్తున్నది. ఈ ఇంట్ల నువ్వు తప్ప ఇంకెవలున్నరు?"

కళావతి చేతిలో కూర కిందపెట్టింది. "నీ పెండ్లికి గూడ పిలవలే నన్ను. గాయన మొకం ఎట్లుంటదో తెల్వదు. నేను చెప్తనా?" అంది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. తర్వాత కూడా అవసరమైనంత వరకే మాట్లాడింది.

స్వరూప కిటికీలకు పాత చీరలు కట్టింది. రోజుకో గల్లీ నుంచి పనికి పోయింది. బస్సులో పక్కన ఎవరైనా ఫోన్ ఎత్తితే మొహం తిప్పుకునేది. ఇంతలో ఇంకో మెయిల్ వచ్చింది. అందులో ఆమె పనిచేసే ఆస్పత్రి పేరు స్పష్టంగా రాసి ఉంది. "ఆడ పేషెంటువా, నౌకరి జేస్తున్నవా?" అని అడిగాడు.

అంతకుముందు మెయిల్‌ను ఆమె లంచ్ టైములో, కౌంటర్ వెనక కూచుని తెరిచింది. ఆ సంగతి చిన్నమ్మకు తెలిసే వీలే లేదు. ఫోన్ పట్టుకుని ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే శ్రీపాద గదికి పోయింది.

శ్రీపాద మెయిల్‌ను తన సిస్టమ్‌లో వేసుకుని చాలాసేపు చూశాడు. "దీంట్ల ఒక బొమ్మ ఉంది మేడమ్. కంటికి కనిపించనంత చిన్నది. మీరు మెయిల్ తెరవంగనే మీ యాప్ పోయి ఆ బొమ్మను తెచ్చుకుంటది. అప్పుడు ఏ ఫోన్, ఏ యాప్, ఏ నెట్ అన్నది అవతల ఆయనకు తెలిసిపోతది. మన నెట్ ఆస్పత్రి పేరు మీదనే ఉంది. మీరు ఇక్కడి వైఫైల తెరిచిండ్రు."

"నేనైతే ఏం పంపలే గదన్నా."

"మీరు పంపలే. ఫోన్ పంపింది." సెట్టింగ్స్‌లోకి పోయి బొమ్మలు వాటంతటవే రాకుండా ఆపేశాడు. "ఇప్పటి నుంచి తెల్వదు."

"మరి ఇప్పటిదాంక తెలిసింది?" అని అడిగింది స్వరూప. శ్రీపాద ఫోన్ తిరిగి ఇచ్చాడు.

ఆ వారంలోనే బాలరాజ్ వచ్చాడు. సాయంత్రం డ్యూటీ దిగే ముందు అద్దాల తలుపులోంచి చూస్తే రోడ్డు అవతల ఇరానీ హోటల్ ముందు బల్ల మీద కూచుని ఉన్నాడు. ఛాయ్ తాగుతూ ఆస్పత్రిలోంచి వచ్చే ప్రతి ఆడమనిషినీ చూస్తున్నాడు. వెనక గేటు ఉంది గానీ ఆ దారి కూడా అదే రోడ్డు మీదికి తేలుతుంది.

ఆమె శ్రీపాద గదిలోకి పోయి తలుపు వేసుకుంది. సంగతి విని అతను ఒక ఉపాయం చెప్పాడు. "మీవాళ్లు ఎవరన్నా వేరే ఊర్ల ఉన్నరా? పాస్‌వర్డ్ ఇచ్చి, బొమ్మలతో సహా మెయిల్ తెరవమనండి. మీరు ఆడున్నరనుకుని పోతడు."

చెల్లెలు స్వీటీ వరంగల్‌లో నర్సింగ్ హాస్టల్‌లో ఉంది. స్వరూప నంబర్ తీసింది. ఫోన్ మోగకముందే కట్ చేసింది.

"వద్దన్నా. వీడు పోయి దాని హాస్టల్ ముందట కూచుంటడు."

చివరికి కళావతికి ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, వచ్చిండు. ఆస్పత్రి ముందట్నే ఉన్నడు."

"లోపల్నే ఉండు. నేనొస్తున్న."

కళావతి ఇంట్లో కట్టుకున్న చీరతోనే ఆటోలో వచ్చింది. స్వరూప చెయ్యి పట్టుకుని ముందు తలుపు నుంచే బయటికి నడిచింది. బాలరాజ్ లేచి రోడ్డు దాటి వచ్చాడు.

"స్వరూపా, జర మాట్లాడాలె."

"మాట్లాడేదుంటే వకీలుతోని మాట్లాడు," అంది కళావతి.

"మీరెవరు?" అన్నాడు నవ్వుతూ.

"దీని చిన్నమ్మను. ఇగ జరుగు."

ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు పోయారు. "కొట్టిండా? బెదిరించిండా?" అని అడిగాడు అక్కడి ఆఫీసరు. లేదంది స్వరూప. నేను మెయిల్ ఏ జాగల చదివినా ఆయనకు తెలుస్తున్నది సార్, అంది. "మొగుడే గదమ్మా," అన్నాడతను. కళావతి లొల్లి పెడితే దరఖాస్తు తీసుకున్నాడు. ఇంటికి వస్తుంటే వాళ్ల ఆటో వెనకే ఒక బైకు గల్లీ మొదటి దాకా వచ్చి, కూరగాయల బండ్ల దగ్గర ఆగిపోయింది.

లోపలికి పోయి గొళ్లెం పెట్టాక స్వరూపకు ఏడుపు ఆగలేదు. "చిన్నమ్మా, ఆ దినం నిన్ను గంత మాట..."

"సప్పుడు జేయకు. ముందు కాళ్లు చేతులు కడుక్కో," అంది కళావతి.

తనూజ నోటీసు పంపాక బాలరాజ్ పుణెకు తిరిగిపోయాడని తెలిసింది. కేసు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. మెయిళ్లు ఆగలేదు. అవి సాక్ష్యమని, ఒక్కటి కూడా తీసేయొద్దని తనూజ చెప్పింది. స్వరూప వాటిని తెరవడం మానేసింది. బొమ్మ పలకకపోయేసరికి బాలరాజ్‌కు అర్థమైనట్టుంది. ఇప్పుడు అతను చెప్పదలచుకున్నదంతా సబ్జెక్టు లైన్‌లోనే రాస్తున్నాడు. దాన్ని చదవడానికి తెరవనక్కర్లేదు, ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు.

ఇవాళ పొద్దున వచ్చింది: "గేటుకు పచ్చ రంగు ఎవరేసిండ్రు?"

చిన్నమ్మ ఇంటి గేటుకు ఆ రంగు వేసింది బాలరాజ్ పుణెకు పోయాకే, ఇంకా వారం కాలేదు. స్వరూప ఆ లైన్‌ను తెరవకుండానే స్క్రీన్‌షాట్ తీసి తనూజకు పంపి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. తలుపు దాకా పోయి ఆగింది. బయట కూరగాయల వాళ్ల అరుపులు వినిపిస్తున్నాయి. కళావతి చెప్పులేసుకుంటోంది.

"ఆగు బిడ్డా, బస్సు దాకా నేనొస్త."