రెండు ఎర్ర గళ్ళు

మా ఆయనకి ఖాళీ గడి కనబడితే చెయ్యి ఊరుకోదు. ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలకి నక్షాలు గీసే పని ఆయనది. గళ్ళ కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో రంగు నింపుతారు. కాగితం మీద ఒక గడి అంటే మగ్గం మీద ఒక ముడి. పువ్వు సగమే గీసి, మిగతా సగం అద్దంలో చూసినట్టు తిప్పి నేయమంటారు. "సగం చూస్తే రెండో సగం అదే తెలుస్తుంది గౌసియా" అన్న మాట పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

2003 ఆగస్టులో మా యాస్మిన్‌కి జ్వరం పట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. అంతకు మూడు వారాల ముందు కొల్లేటి పక్కన, చేపల చెరువుల మధ్య ఉండే మా అక్క ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చింది. రక్తం చూసి టైఫాయిడ్ అన్నారు. మందులు పడుతున్నా తగ్గకపోయేసరికి, రోజుకి ఐదుసార్లు జ్వరం చూసి రాసిపెట్టమని డాక్టరు ఉషశ్రీగారు చెప్పారు. నేను క్యాలెండరు చీటీల వెనక రాస్తుంటే మా ఆయన సలాంగారికి నచ్చలేదు. నక్షా కాగితం తెచ్చి గోడకి అంటించారు. అడ్డంగా రోజులు, నిలువుగా పూటలు. తొంభైతొమ్మిది లోపుంటే ఆకుపచ్చ, నూటమూడు లోపుంటే పసుపు, నూటమూడు దాటితే ఎరుపు. పాదరసం చూసి చెప్పడం నా వంతు, రంగు వెయ్యడం ఆయన వంతు. శనివారం మొదలుపెట్టి పది రోజులు అలా నింపాం.

పదో రోజు సోమవారం. డాక్టరుగారి ఎదుట కూర్చున్నాం. యాస్మిన్ నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి.

"మందు మార్చి కూడా చూశానండి. లొంగట్లేదు" అన్నారావిడ. "పిల్ల బాగా నీరసించింది. ఇంక ఆలస్యం చేయకుండా రేపు విజయవాడ తీసుకెళ్ళిపోండి."

అప్పుడు మా ఆయన చుట్ట చుట్టి తెచ్చిన కాగితాన్ని బల్ల మీద పరిచారు. ఆవిడ ముందు విసుగ్గానే చూశారు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఎర్ర గళ్ళన్నీ ఒకే వరసలో ఉన్నాయేంటండీ?"

"అది మధ్యాహ్నం రెండు గంటల వరసండి."

"ఏ పూట ఎన్ని ఎరుపులో వెనకాల లెక్కవెయ్యండి ఓసారి."

ఆయన కాగితం తిరగేసి పూటల పేర్లు రాసి, ఎరుపుకో గీత పెట్టుకుంటూ వెళ్ళారు. పొద్దున ఆరింటికి సున్నా, పదింటికి సున్నా. సాయంత్రం ఆరింటికి సున్నా. రాత్రి పదింటికి సున్నా. మధ్యాహ్నం దగ్గర నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఐదోది. శని, సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు.

"రోజు విడిచి రోజు" అన్నారావిడ నెమ్మదిగా. "ఇది టైఫాయిడ్ తీరు కాదండి. మలేరియా తీరు."

"మొన్న మలేరియా పరీక్ష చేసి ఏమీ లేదన్నారు కదండీ" అన్నాను.

"ఆ రక్తం మంగళవారం తీశామమ్మా. మీ కాగితంలో మంగళవారం ఆకుపచ్చే ఉంది చూడండి. ఆ పూట రక్తంలో క్రిమి కనబడకపోయి ఉండొచ్చు." అని కలం తీశారు. "టైఫాయిడ్ ఇంజెక్షన్లు ఆపేద్దాం. వేరే బిళ్ళలు రాస్తాను."

నా చూపు మాత్రం బుధవారం గడి మీదే ఉండిపోయింది. బుధవారం మధ్యాహ్నం థర్మామీటరు నా చేతిలోంచి జారి పగిలిపోయింది. కొత్తది వచ్చేసరికి సాయంత్రమైంది. చెయ్యి వేసి చూస్తే వేడిగానే ఉంది గానీ ఎంత వేడో చేతికేం తెలుస్తుంది? ఇక శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళారు, నేను పిల్ల పక్కనే పడి నిద్రపోయాను. లేచేసరికి ఐదైంది. యాస్మిన్ ఒళ్ళంతా చెమట. జ్వరం దిగిన చెమటో, కరెంటు పోయి పట్టిన చెమటో చెప్పలేను. ఆ రెండు గళ్ళూ నేను చెప్పినవి కావు. ఈయన నింపినవి.

కలం కాగితం మీద కదులుతోంది. చెబితే పదిమందిలో మా ఆయన పరువు పోతుంది. ఈ మొగుడూ పెళ్ళాల మాట నమ్మడానికి లేదని ఆవిడ కాగితం పక్కన పడేస్తారు. చెప్పకపోతే, నా కూతురికి నడుస్తున్న మందు రెండు అబద్ధపు గళ్ళని చూసి ఆగిపోతుంది. టైఫాయిడే అయితే? ఆయన మీద కోపంతోనే నోరు తెరిచాను.

"డాక్టరుగారూ, అందులో రెండు ఎరుపులు నేను చూసి చెప్పినవి కావండి."

కలం ఆగింది. ఏ రెండో చెప్పాను. సలాంగారు నా వైపు చూడలేదు.

"ఒకటి విడిచి ఒకటి వస్తోందండి" అన్నారు బల్లకేసి చూస్తూ. "అక్కడ కూడా ఎరుపే ఉండాలి కదాని…"

"ఇది తివాచీ కాదండీ సలాంగారూ" అన్నారావిడ. గొంతు పెంచలేదు. "తెలియని గడి ఖాళీగానే ఉండాలి."

రబ్బరు తీసుకుని ఆయనే చెరిపారు. ఎర్ర మరకలు పూర్తిగా పోలేదు. వెనక రెండు గీతలు కొట్టేశారు. మూడు మిగిలాయి.

ఆవిడ ఆ మూడింటి కింద కలంతో గీత గీశారు. "వీటితో మందు ఆపలేనండి. అలాగని వదిలెయ్యనూ లేను. మీరు చూసిన వరసే నిజమైతే రేపు మధ్యాహ్నం జ్వరం మళ్ళీ రావాలి. పొద్దుట్నుంచి జ్వరం బిళ్ళ వెయ్యొద్దు. ఒంటిగంటకల్లా ఇక్కడుండండి, చలి మొదలవగానే రక్తం తీద్దాం. మూడున్నరకి కూడా రాకపోతే విజయవాడ బయల్దేరిపోండి. కారు మాట్లాడి ఉంచుకోండి."

మర్నాడు ఒంటిగంటకి పిల్లని ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టాం. తొంభైఎనిమిదిన్నర. నర్సు యేసమ్మ పరీక్ష సామాను ట్రేలో సర్దుకుని మా పక్కనే కూర్చుంది. రెండింటికి కూడా తొంభైఎనిమిదిన్నరే. సలాంగారు ఆకుపచ్చ పెన్సిల్‌తో ఆ గడి నింపారు.

"అమ్మీ, ఆకలేస్తోంది" అంది యాస్మిన్.

పది రోజుల్లో అది అన్నం అడగడం అదే మొదలు. ఏ తల్లికైనా ప్రాణం లేచి రావాలి. నాకు మాత్రం ఇక జ్వరం రాదేమోనని భయమేసింది. రెండున్నర దాటింది. బయట కారు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కూతురికి జ్వరం రావాలని ఆ మంచం పక్కన కూర్చుని దువా చేశాను. యా అల్లా, నూటమూడు రానీ, నా బిడ్డని వణకనీ అని అడిగాను. అడిగి, నా నోటిని నేనే తిట్టుకున్నాను.

మూడుంబావుకి యాస్మిన్ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంది.

"అమ్మీ, ఫ్యాను ఆపవా."

ఫ్యాను తిరగడం లేదు. కరెంటు లేదు.

పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. యేసమ్మ దాని వేలు పట్టుకుని రక్తం తీసి పక్కగదిలోకి పరిగెత్తింది. నేను పిల్లని దుప్పటితో సహా వాటేసుకున్నాను. అది నా చేతుల్లో వణికిపోతుంటే ఏడుస్తూనే ఉన్నాను, లోపల మాత్రం సంతోషంగా ఉంది. వణుకు కాస్త తగ్గాక థర్మామీటరు పెడితే నూటమూడున్నర.

నాలుగున్నరకి డాక్టరుగారే వచ్చి చెప్పారు. "దొరికిందండి. మలేరియాయే. ఇక్కడే తగ్గిపోతుంది, కారు పంపించెయ్యండి."

ఆవిడ వెళ్ళాక సలాంగారు కాగితం తెచ్చి మంచం మీద పరిచారు. ఎర్ర పెన్సిల్ నా చేతికిచ్చారు.

"నువ్వు పెట్టు గౌసియా. చూసింది నువ్వు."

రెండు గంటల గడిలో ఆకుపచ్చ ఉంది. ఆరు గంటలు ఇంకా కాలేదు. ఆ రెండు గళ్ళకీ మధ్యనున్న గీత మీద ఎర్రచుక్క పెట్టి, పక్కన మూడుంబావు అని రాశాను. గీత మీద ముడి పడదని ఆయన అనలేదు. బుధవారం, శుక్రవారం గళ్ళు మరకలతో ఖాళీగా ఉన్నాయి. సలాంగారు వాటిని ఓసారి వేలితో తడిమి, కాగితం చుట్టేశారు.