గొంతు తీసేస్తే మిగిలే దమ్ము

ఆ అమ్మాయిని డిపార్టుమెంటంతా మైకు అనే పిలుస్తుంది. వ్యాయామ శాస్త్రంలో పరిశోధన చేస్తోంది, ఇది మూడో ఏడు. ఆమె లాబులో నోరు విప్పితే పక్క గదిలో పాఠం చెప్పేవాళ్ళు లేచి తలుపు వేసుకుంటారు. ఇంటికి ఫోన్ చేస్తే, ఫోను పెట్టేసి మాట్లాడవే, ఇక్కడికి వినిపిస్తుంది అంటుంది వాళ్ళమ్మ. మైకు ఇవేవీ ఒంటికి పట్టించుకోదు. ఆ గొంతుతోనే చాలా పనులు సాధించింది. చొక్కాలు కుట్టే కంపెనీ ఓనరు చేత పదిహేను నిమిషాలు ఇప్పించిందీ ఆ గొంతే.

కంపెనీ మూడో అంతస్తులో ఉంది. ఇరవై రెండు మంది ఆడవాళ్ళు పొద్దున్నే మిషన్ల ముందు కూర్చుంటే భోజనానికి లేస్తారు, మళ్ళీ కూర్చుంటే ఇంటికి పోవడానికే లేస్తారు. నడుములు పట్టేసి, ఒక అంతస్తు ఎక్కేసరికి రొప్పుతారు. వాళ్ళకి రోజూ పదిహేను నిమిషాలు, పని వేళలోనే, జీతం కోయకుండా, మెట్లెక్కి దిగే వీలిస్తే దమ్ము పెరుగుతుందా అన్నది మైకు పరిశోధన. ఓనరు పన్నెండు వారాలకి ఒప్పుకున్నాడు. లెక్క బాగా వస్తే ఎప్పటికీ ఇస్తానని కూడా అన్నాడు. రాదన్న ధైర్యంతోనే అన్నాడు.

వచ్చింది. పదిహేను శాతం.

కొలిచే పద్ధతిలో గొప్పేమీ లేదు. లాబులో కదలని సైకిలు ఒకటుంది. ఎక్కి తొక్కాలి. నిమిషం నిమిషానికీ పెడలు బరువెక్కుతుంది. ఇక నా వల్ల కాదన్న చోట గడియారం ఆపుతారు. ఎంతసేపు తొక్కితే అంత దమ్ము. మెట్లెక్కడం మొదలుపెట్టకముందు ఒకసారి కొలిచారు, పన్నెండు వారాలయ్యాక ఇంకోసారి. రెండోసారి ఒక్కొక్కరూ నిమిషానికి పైగా ఎక్కువ తొక్కారు. కాలర్లు కుట్టే ఆవిడ, అందరూ కాలరక్క అంటారు, సైకిలు దిగి చెమట తుడుచుకుంటూ, మా ఆయన్ని కూడా తీసుకురానా, నాతో పందెం కాస్తాడేమో అంది.

సరిగ్గా అప్పుడే బయటి యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరమ్మ వచ్చింది. కండరాల అలసట మీద నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. పది రోజులుంటుందని నోటీసు పెట్టారు. రెండో రోజు ఆమె సెమినారు, తొమ్మిదో రోజు మైకు సెమినారు.

సెమినారు ఎలా జరుగుతుందో చూడనివాళ్ళకి చెప్పాలి. ముందు రెండు వరసల కుర్చీలకి పెద్దల పేర్లతో కాగితాలు అంటిస్తారు. పెద్దలు ఆలస్యంగా వస్తారు, మెత్తగా కూర్చుంటారు, ఏసీ చల్లదనానికి కునుకు తీస్తారు. నేర్చుకోవాలని వచ్చినవాళ్ళు వెనక గోడకి ఆనుకుని నిలబడతారు. ప్రశ్నలు అడగమన్నప్పుడు ముందు వరసలోంచి ఒకాయన లేచి ప్రశ్నలా మొదలుపెట్టి తన గురించి చెప్పుకుంటాడు. కాఫీ ఇస్తారు. అయిపోతుంది.

ప్రొఫెసరమ్మ కొత్త యంత్రాల గురించి చెబుతుందని అందరూ అనుకున్నారు. ఆమె పాత కాన్వాసు బూట్లతో వేదిక ఎక్కి, నేను చేసిన తప్పులు చెబుతాను అంది. ముందు వరస ముఖాలు మాడిపోయాయి.

వయసులో ఉన్నప్పుడు ఒక గుంపుకి పిడికిలి బలం పెంచే కసరత్తు నేర్పిందట. రెండేళ్ళ పని. నేర్చుకున్న గుంపుని రోజూ భోజనమయ్యాక కొలిచింది, నేర్చుకోని గుంపుని పొద్దున్నే, ఖాళీ కడుపుతో. తేడా చూసి ఎగిరి గంతేసింది. తరవాత నేర్చుకోనివాళ్ళలో ఒకాయన, మాకూ అన్నం పెట్టి కొలవండమ్మా అన్నాడట. "రెండేళ్ళు నేను కొలిచింది కసరత్తుని కాదు, భోజనాన్ని" అంది ప్రొఫెసరమ్మ. గోడకి ఆనుకున్న మైకు పెద్దగా నవ్వింది. కునుకు తీస్తున్న ఇద్దరు ఉలిక్కిపడి లేచారు.

"కొలిచే మనిషి కూడా ఆ గదిలోనే ఉంటాడు. గాలిలా ఉన్నాననుకుంటాడు. ఉండడు. ముందు అతన్ని లెక్కలోకి తీసుకోండి" అంది ప్రొఫెసరమ్మ.

మైకు నవ్వు ఆగిపోయింది. మిగతా సెమినారు ఆమె చెవిన పడలేదు. అయిపోగానే కాఫీ కూడా తాగకుండా లాబుకి పరిగెత్తింది.

లాబులో టెక్నీషియన్ సైకిలు గొలుసుకి నూనె పెడుతున్నాడు. పాతికేళ్ళుగా ఆ గదిలో ఉన్నాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. మైకు ఆయన్ని బాబాయ్ అంటుంది. మొదటిసారి పరీక్షలు చేసింది ఆయనే. ఆ వారం మైకు కంపెనీలో ఓనరు చుట్టూ తిరుగుతోంది. రెండోసారి చేసింది మైకు.

"బాబాయ్, మొదటిసారి వాళ్ళు తొక్కుతున్నప్పుడు నువ్వేమన్నావు?"

"ఏమంటాను."

"ఒక్క మాట కూడా అనలేదా?"

ఆయన నూనె గుడ్డ కింద పెట్టి ఆలోచించాడు. "చాలనిపిస్తే ఆపెయ్యండమ్మా, అన్నాను. అందరికీ అదే చెప్పాను."

మైకు స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన చాలనిపిస్తే ఆపెయ్యమన్నాడు. తను పక్కన నిలబడి, తొక్కక్కా, ఆగకు, ఇంకో నిమిషం, ఓనరు మొహం గుర్తు తెచ్చుకుని తొక్కు అని గొంతు చించుకుంది. ఓనరు మొహం పనిచేసిందని ఆవేళ ఎంత పొంగిపోయిందో. ఆ పదిహేను శాతంలో మెట్లు ఎంత, గొంతు ఎంత? ఒకవేళ అంతా గొంతే అయితే? మెట్ల వల్ల ఏమీ లేదంటే ఓనరు మరునాడే పదిహేను నిమిషాలూ లాగేసుకుంటాడు.

తన పరిశోధన చూసే గైడు దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. నీ సెమినారుకి ఓనరుని ముఖ్య అతిథిగా పిలిచేశానన్నాడు. కార్డులు అచ్చయ్యాయన్నాడు. ఎవరూ అడగని దాన్ని నువ్వెందుకు తవ్వుతావన్నాడు. చివరికి అసలు మాట అన్నాడు. "ఆవిడ పది రోజుల్లో వెళ్ళిపోతుంది. మనం ఇక్కడే ఉండాలి."

ఆ మాట మైకుకి మంట పుట్టించింది. ఇక్కడ ఉండాల్సింది మనమే కాదు, మిషన్ల ముందు ఇరవై రెండు మంది కూడా ఇక్కడే ఉండాలి. కానీ వాళ్ళ కోసమే అయితే నోరు మూసుకోవడం మేలు కదా. ఆ చిక్కు విడక, మెట్ల మీద బూటు తాడు కట్టుకుంటున్న ప్రొఫెసరమ్మ కనిపిస్తే పక్కన చతికిలపడి అంతా వెళ్ళగక్కింది.

ప్రొఫెసరమ్మ ఓదార్చలేదు. ఎంతమంది, ఎన్నిసార్లు, మధ్యలో ఎన్ని రోజుల విశ్రాంతి కావాలి అని అడిగింది. వేళ్ళ మీద లెక్కేసింది. అందరూ అక్కర్లేదు, ఎనిమిది మంది చాలు. ఒక్కొక్కరు రెండుసార్లు, మధ్యలో రెండు రోజులు ఆగి. ఒకసారి నీ అరుపుతో, ఒకసారి ఆయన మౌనంతో. ఏది ముందో నాణెం ఎగరేసి తేల్చు.

"మౌనంగా చేసే పరీక్షలు బాబాయే చేస్తాడు లెండి" అంది మైకు.

"కుదరదు. రెండిట్లోనూ నువ్వే నిలబడాలి. మనిషిని, మాటని రెండిటినీ మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది? నోరు ఒక్కటే మార్చు."

ముందు కంపెనీకి వెళ్ళి ఆడవాళ్ళకి చెప్పాలి. భోజనాల వేళకి వెళ్ళింది. గుండీలు కుట్టే పిన్ని వింటూనే డబ్బా మూత పెట్టేసింది. ఏళ్ళ తరవాత మోకాళ్ళు నా మాట వింటున్నాయి, దీన్ని కెలక్కు తల్లీ, ఆ పదిహేను నిమిషాలు పోతే మళ్ళీ ఎవరిస్తారు అంది. కాలరక్క మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అంటే మేం తొక్కలేదంటావా?"

"తొక్కారక్కా. ఎందుకు తొక్కారో నాకు తెలియట్లేదు."

"నువ్వు చెవిలో అరుస్తుంటే దెయ్యమైనా తొక్కుతుంది." కాలరక్క పిన్ని వైపు తిరిగింది. "పిన్నీ, రేపు ఓనరే ఎవడినో తెచ్చి కొలిపించి, ఇదంతా ఉత్తదే అంటే? అప్పుడు మాట్లాడటానికి మన దగ్గర ఏముంటుంది? ఏముందో మనకే ముందు తెలియాలి."

పిన్ని డబ్బా మూత మళ్ళీ తీసి రెండు ముద్దలు తింది. తరవాత, ఆ ఎనిమిది మందిలో నా పేరు రాయి అంది.

ఇక మైకు కష్టాలు మొదలయ్యాయి. అరిచే రోజు ఏం అరవాలో కాగితం మీద రాసి గోడకి అంటించింది ప్రొఫెసరమ్మ. పాత అరుపుల్లోంచి ఏరి, నిమిషానికి రెండు మాటలు, అందరికీ అవే. ఓనరు మొహం గురించిన మాట కొట్టేసింది. అరిచే రోజు సులువే. మౌనం రోజే ప్రాణం మీదికొచ్చింది. ఒకే ఒక్క మాట అనాలి, బాబాయ్ అన్నట్టే. బాబాయ్ ఆమెకి మౌనంలో శిక్షణ ఇచ్చాడు. పాతికేళ్ళలో ఆయన చెప్పిన మొదటి పాఠం అది. మొహం అటు తిప్పకు, గడియారం చూడు, చేతులు వెనక్కి పెట్టుకో అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు.

గుండీల పిన్నికి మొదట మౌనం పడింది. ఎనిమిదో నిమిషంలో పిన్ని కాళ్ళు వణుకుతున్నాయి. తొక్కు పిన్నీ అన్న మాట మైకు నాలుక చివరికి వచ్చి, పళ్ళకి తగిలి లోపలికి పోయింది. పిడికిళ్ళు బిగించి గడియారం చూసింది. పిన్ని ఆగిపోయింది. దిగి, నీళ్ళు తాగి, "నా మీద కోపమొచ్చిందా? శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డావు" అంది. మైకుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పరీక్ష అయిపోయింది కాబట్టి వాటేసుకుంది.

ఏడో రోజుకి పదహారు పరీక్షలూ అయ్యాయి. లెక్క బాబాయ్ చేత ఒకసారి, ప్రొఫెసరమ్మ చేత ఒకసారి వేయించింది. మొదటి కొలత మీద, అరుపుతో పదిహేను శాతం. అరుపు లేకుండా ఆరు.

ఆరు. సున్నా కాదు. మైకు కాగితం పట్టుకుని కారిడార్ అంతా పరిగెత్తింది. తరవాత ఆగిపోయింది. ఆరంటే ఓనరు ఒప్పుకుంటాడా?

తొమ్మిదో రోజు ముందు వరస కుర్చీల మీద కాగితాలు ప్రొఫెసరమ్మ తనే పీకేసింది. ఎవరి దమ్ము గురించి మాట్లాడుతున్నామో వాళ్ళు కూర్చుంటారు అంది. ఇరవై రెండు మందీ చొక్కా పీలికల దుమ్ముతోనే వచ్చి మెత్తటి కుర్చీల్లో కూర్చున్నారు. పెద్దలు గోడకి ఆనుకున్నారు. ముఖ్య అతిథి కాబట్టి ఓనరుకి ఒక కుర్చీ దొరికింది, కాలరక్క పక్కన.

మైకు అంతా చెప్పింది. మొదట వచ్చిన పదిహేను, తన అరుపు, బాబాయ్ మాట, మళ్ళీ కొలిచింది, ఆరు. గైడు నేల చూపులు చూస్తున్నాడు. ప్రశ్నలు అడగమనగానే ఓనరు లేచాడు. హాయిగా ఉన్నాడు. నిజం చెప్పినందుకు అమ్మాయిని మెచ్చుకున్నాడు. తనది మాట తప్పే వంశం కాదన్నాడు. పదిహేను శాతానికి పదిహేను నిమిషాలు అనుకున్నాం కదా, ఇప్పుడు ఆరు శాతం వచ్చింది కాబట్టి ఆరు నిమిషాలు ఇస్తాను, న్యాయమే కదా అన్నాడు. గోడ దగ్గరి పెద్దలు ఇద్దరు తలలూపారు.

మైకు నోరు తెరిచింది. ఆ గొంతుకి మాట దొరకకపోవడం డిపార్టుమెంటు ఎన్నడూ చూడలేదు.

కాలరక్క కూర్చున్న చోటే అంది. "సార్, ఆ ఆరు పదిహేను నిమిషాలు ఎక్కితే వచ్చింది."

"అదే కదమ్మా నేనూ అంటున్నది."

"ఆరు నిమిషాలు ఎక్కితే ఎంతొస్తుందో ఎవరైనా కొలిచారా?"

ఓనరు గైడుని చూశాడు. గైడు మైకుని చూశాడు. మైకు తల అడ్డంగా ఊపింది.

"కొలవంది ఎలా చెబుతారు సార్? వారం నుంచి ఈ పిల్ల మా ప్రాణం తీసి నేర్పింది ఇదే" అంది కాలరక్క. "ఆరు నిమిషాలది కూడా కొలవమనండి. పన్నెండు వారాలు పడుతుంది. మాలో సగం మందిమి ఆరు ఎక్కుతాం, సగం మందిమి పదిహేను. ఎవరు ఏదో నాణెం ఎగరేద్దాం. అప్పుడు వచ్చిన లెక్క చూసి మాట్లాడుకుందాం."

ప్రొఫెసరమ్మ సంచీలోంచి పుస్తకం తీసి గబగబా రాసుకుంది. రాస్తూనే, ఈ ప్రయోగం ఎవరిది, పేరు ఎవరిది వేయాలి అని అడిగింది.

"పేరు తరవాత" అంది గుండీల పిన్ని. "పదిహేను ఎక్కే సగంలో నన్ను వేయండి."

"నాణెం, పిన్నీ" అంది మైకు. "నువ్వు కోరుకోకూడదు."

పిన్ని గొణుక్కుంటూ కొంగు ముడి విప్పి, ఒక నాణెం తీసి ఓనరు చేతిలో పెట్టింది. హాలంతా ఆయన్నే చూస్తోంది. ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంకేం చెయ్యాలో తోచక ఎగరేశాడు.