మధ్య జేబు

గవరపాలెం మలుపులో బస్సెక్కిన కాసేపటికే నానాజీ ముందు వేలాడుతున్న గుడ్డసంచి సగం నిండింది. ముందు సీట్లలోంచి ఫోన్లు చేతులు మారుతూ వెనక్కి వస్తున్నాయి. ఎవరిదని అడగకుండానే అతను ఒక్కొక్కదాన్నీ దాని జేబులో దూరుస్తున్నాడు. చారల జేబు పరదేశిది. పసుపు పూలది సూర్యనారాయణది. ముదురునీలం జేబు ఎర్రిబాబుది, అది ఇంకా ఖాళీగా ఉంది.

సంచి కుట్టింది అతని భార్య బేబి. వరండాలో మిషను పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్ళకి జాకెట్లు కుడుతుంది. మిగిలిపోయిన ముక్కలన్నీ కలిపి, సీటు కొక్కేనికి తగిలించుకునేలా పైన పట్టీ వేసి, ప్రతి జేబుకీ అంచు మడిచి రెండు వరసలు కుట్టింది. ఫోన్లు తారుమారైపోతున్నాయని మొగుడు తిప్పలు పడుతుంటే చూడలేక చేసిన పని అది.

"అందరికీ ఎట్టేను. మద్దిలోది నీది," అంది చేతికిస్తూ. మధ్య జేబుని నానాజీ పాత తెల్లచొక్కా లోంచి కత్తిరించి, మీద ఎర్రదారంతో చిన్న చెరకుగడ కూడా కుట్టింది.

నానాజీ పరవాడలో ఒక మందుల కంపెనీలో హెల్పరు. పొడి ఆరబెట్టే గది దగ్గరికి డ్రమ్ములు దొర్లించుకొచ్చి, ఖాళీవి దొర్లించుకుపోతాడు. ఏళ్ళ తరబడి వంగి దొర్లించడంతో నిలబడినా కాస్త ముందుకి ఒరిగే ఉంటాడు, ఎవరో ఏదో అడిగితే వింటున్నట్టు. బెల్లం వండే గానుగల దగ్గర పని తగ్గిపోయినప్పుడు బేబి తమ్ముడు ఎర్రిబాబు కాంట్రాక్టరుతో మాట్లాడి ఇందులో పెట్టించాడు. ఆ మాట ఎర్రిబాబు ఎన్నడూ ఎత్తడు. ఎత్తకపోవడం వల్లే అది నానాజీకి రోజూ గుర్తుంటుంది.

పని వేరు, చదువు వేరు కాదని కంపెనీవాళ్ళు అందరి ఫోన్లలోనూ భద్రత పాఠాల యాప్ ఒకటి పెట్టించారు. లోపలికి ఫోన్లు పట్టుకెళ్ళకూడదు కనక పాఠాలు బస్సులో వెళ్తూ వస్తూ నేర్చుకోవాలి. వీడియో చూడాలి, చివర ప్రశ్నలకి జవాబులు నొక్కాలి. వీడియోని ముందుకి తోయడం కుదరదు. నిమిషానికోసారి 'చూస్తున్నారా?' అని అడుగుతుంది, తెర మీద వేలు పెట్టకపోతే ఆగిపోతుంది. మొదట్లో పరదేశి కళ్ళజోడు మరిచిపోయి ఒకరోజు ఫోను ఇచ్చాడు. మర్నాడు కళ్ళజోడు ఉండగానే ఇచ్చాడు. చివరి సీటులో కూర్చుని, బస్సులో నిద్రపట్టని నానాజీకి ఆ తరవాత అందరూ ఇచ్చారు.

రెండు చేతులకీ రెండు ఫోన్లు. మూడోది పెడితే ఏదో ఒకటి ఆగిపోతుంది. తాళం తప్పిన భజనలా ఒకే ఆడగొంతు రెండింట్లోంచీ ముందూ వెనకా పలుకుతుంటుంది. ఆ పాఠాలు అతనికి కంఠతా వచ్చేశాయి. అతని పేరున మాత్రం ఒకటి మిగిలిపోయింది, బయటికి వెళ్ళే దారుల గురించి. ఇంట్లో చూద్దామంటే ఉన్నది ఒక్క ఫోనే. రాత్రిళ్ళు కూతురు సుప్రియ కాలేజీ చదువుకి అదే కావాలి. ఇవాళ పొద్దున్న తొమ్మిదితో గడువు. పాఠాలన్నీ పూర్తయినవాళ్ళకే కాంట్రాక్టు మళ్ళీ రాస్తారు.

అందుకే ఈ పూట ముందుగా చొక్కా జేబులోంచి తన ఫోను తీశాడు. ఎడమచేతిలో తనది, కుడిచేతిలో పరదేశిది. వీడియో మొదలైంది. ఇంతలో పరదేశి ఫోను మనిషి మొహం చూపించమంది. నానాజీ లేచి, నోరు తెరుచుకుని నిద్రపోతున్న పరదేశి గడ్డం పట్టి ఎత్తాడు.

"ఒరే, కళ్ళు తెరు. నిన్ను సూడాలంట."

"ఎవులికి?"

"ఫోనుకి."

"మా ఆవిడే సూడదు నా మొగం," అని పరదేశి ఒక కన్ను తెరిచాడు.

"రెండోది కూడా తెరవరా. ఒంటికన్ను ఒప్పుకోదు."

చుట్టూ నవ్వులు లేచాయి. తిరిగి వచ్చేసరికి సీటు మీద పెట్టిన తన ఫోనులో వీడియో ఆగిపోయి ఉంది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

హైవే ఎక్కాక ఎర్రిబాబు వచ్చి పక్కన కూలబడ్డాడు. చేతిలో తన ఫోను.

"బావా, నాయి రెండున్నాయి. ఇన్‌చార్జి పోస్టు ఈవేళ తేలుత్తారంట."

"ఈవేళ నాది సేసుకోవాల్రా. తొమ్మిదింటికి ఆకరు."

"నీదెంత సేపు బావా! అన్నీ నోటికొచ్చేసినాయి కదా. కళ్ళు మూసుకుని నొక్కేత్తావు."

"నాకొచ్చునని ఈడియో పరిగెట్టదు కదా."

"నువ్వు నొక్కితేనే ఒక్కటీ తప్పోదు. నాకు సెయ్యి వణుకుతాది బావా. ఈ ఒక్కసారికీ."

నానాజీ తన ఫోను చొక్కా జేబులో పెట్టేశాడు. పరదేశిది సగంలో ఉంది, వదలడానికి లేదు. అది ఒక చేత, ఎర్రిబాబుది ఒక చేత పట్టుకున్నాడు. మొదటి పాఠం లంకెలపాలెం దగ్గర అయింది. రెండోది బయటికి వెళ్ళే దారుల గురించే. అత్యవసర ద్వారానికి ఎప్పుడూ ఏదీ అడ్డు ఉండకూడదని ఆ గొంతు చెబుతుంటే నానాజీ పక్కనున్న కిటికీ వైపు చూశాడు. అది అత్యవసర కిటికీ. పిడి ఊడిపోతే ఎవరో ఇనపతీగతో కట్టేశారు.

ఎర్రిబాబు ఫోనులో ఆకుపచ్చ టిక్కు పడేసరికి బస్సు కంపెనీ గేటు ముందు ఆగింది. నానాజీ తన ఫోను తీసి వీడియో నొక్కాడు. గుండ్రం తిరగడం మొదలైంది. "ఫోన్లు లాకర్లో ఎట్టేయండి, బేగి!" అని సెక్యూరిటీ అరిచాడు. తెర మీద గుండ్రం తిరుగుతుండగానే లాకరు ఇనప తలుపు పడింది.

మధ్యాహ్నం క్యాంటీనులో ట్రైనింగ్ ఆఫీసరు దేవీప్రసాద్ మైకు తీసుకున్నాడు. కుర్రవాడు, మర్యాదస్థుడు. బస్సులన్నిట్లోకీ నానాజీవాళ్ళ అనకాపల్లి బస్సు మొదట నిలిచిందన్నాడు. ఎర్రిబాబు పేరు ప్రత్యేకంగా చదివాడు. చప్పట్లు తగ్గాక, "ఒక్కరు మాత్రం మిగిలారు. నానాజీ గారెవరండీ?" అన్నాడు.

నానాజీ అన్నం చెయ్యి విదిలించుకుంటూ లేచాడు.

"బస్సంతా చదువుకుంటుంటే మీరొక్కరే నిద్రపోతున్నారా ఏంటండీ?"

తక్కిన బల్లల దగ్గర నవ్వారు. అనకాపల్లి బస్సువాళ్ళు కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. సూర్యనారాయణ మజ్జిగ గ్లాసు ఎత్తి అలాగే పట్టుకున్నాడు. ఎర్రిబాబు సాంబారులో ములక్కాడ ముక్కని వేలితో అటూ ఇటూ జరుపుతున్నాడు. నిజం చెబితే ఆ బల్ల మీది కంచాలన్నీ లేస్తాయి. నానాజీ ఆ కంచాల వంక ఒకసారి చూశాడు.

"కునుకట్టేత్తాదండి," అన్నాడు.

దేవీప్రసాద్ మైకు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. "నాకూ బాధగానే ఉందండీ. రూలు అలా ఉంది," అన్నాడు మెల్లగా. నానాజీ తల ఊపి కూర్చుని అన్నం తిన్నాడు. పారేయడం అతనికి అలవాటు లేదు.

సాయంత్రం డ్రమ్ములన్నీ వరసగా నిలబెట్టి, గేటు దగ్గర కంపెనీ గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేసి బస్సెక్కాడు. చివరి సీటే. సంచి కొక్కేనికి ఖాళీగా ఊగుతోంది. ఎవరూ ఫోన్లు పంపలేదు. కాసేపటికి ఎర్రిబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కకి నాను సెప్తాను బావా."

"ఏటని సెప్తావు?"

అంతలో ఎర్రిబాబు చేతిలో ఫోను గంట కొట్టింది. ముందు సీట్లలోనూ ఒకదాని తరవాత ఒకటి కొట్టాయి. కొత్త నెల పాఠాలు వచ్చాయి. నానాజీ చొక్కా జేబులోది ఒక్కటే కొట్టలేదు. ఎర్రిబాబు తన ఫోనుని గబగబా తొడ కింద దాచుకోబోయాడు.

నానాజీ చెయ్యి చాపాడు. "ఇలాగియ్యి."

"వొద్దు బావా."

"ఇయ్యరా. ఊరికే కూకుని ఏటి సేత్తాను?"

ఎర్రిబాబు ఇచ్చి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆడగొంతు మొదలైంది. గవరపాలెం వచ్చేసరికి మొదటి పాఠానికి టిక్కు పడింది. నానాజీ ఆ ఫోనుని ముదురునీలం జేబులో పెట్టి, క్యారేజీ అందుకుని దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్న బస్సు ఆ మలుపులో అలవాటుగా ఆగింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. "పోనియ్ మామా," అన్నాడు పరదేశి. ఎవరో నిద్రమత్తులో ఫోనొకటి వెనక్కి పంపించారు. చివరి సీటు దాకా వచ్చి, అందుకునే చెయ్యి లేక మళ్ళీ ముందుకు వెళ్ళింది.

కొక్కేనికి సంచి ఊగుతోంది. ఇన్నాళ్ళ చేతిజిడ్డుకి చారలూ పూలూ మాసిపోయి, జేబుల అంచులన్నీ సాగి నోళ్ళు తెరుచుకున్నాయి. మధ్యలో తెల్లజేబు ఒక్కటే, ఎర్రదారపు చెరకుగడతో, ఇస్త్రీ మడత కూడా చెదరకుండా ఉంది.