టక్‌మన్న ఉంగరం

మా అత్త లాటిన్ నేర్చుకోవడానికి బయలుదేరిందంటే వీధంతా ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం అనుమానం వేసింది. నా తోడికోడలికి, అదే మా చిన్నదానికి, ఫార్మసీ కాలేజీలో చేరాలని ఒకటే కలవరింత. మందుల పేర్లు లాటిన్‌లో ఉంటాయట, అందుకని సీటు రావాలంటే లాటిన్ మొదటి కోర్సు గట్టెక్కాలి. అది కాలేజీకి పోతే మా మందుల షాపులో పొద్దస్తమానం నిలబడేదెవరు? అత్త బాధంతా అదే.

"నేనూ క్లాసుకి వస్తానే. ఇద్దరం ఒకరికొకరం అప్పజెప్పుకోవచ్చు," అంది మహాతల్లి.

అప్పజెప్పడం ఎక్కడనుకున్నారు? షాపులో, కొనేవాళ్ల ముందే. చిన్నది తప్పు చెప్పిందా, అత్త వేలి ఉంగరంతో కౌంటర్ మీద టక్‌మని కొట్టేది. చిన్నది వెంటనే దిద్దుకోవాలి. రానురాను ఆ చప్పుడు వింటే చాలు, పిల్ల ఉలిక్కిపడి, అంటున్న మాట మింగేసి ఇంకో మాట వెతుక్కునేది. అయినా మొండిది. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ గొణుక్కుని అన్నీ నోటికి పట్టేసింది.

నోటి పరీక్ష లాటిన్ క్లాసులోనే, అందరి ముందూ. నేను తోడు వెళ్లి తలుపు దగ్గర కూర్చున్నాను. మేష్టారు మొట్టమొదటి పాఠమే అడిగారు, 'ప్రేమించు' అనే క్రియ. హమ్మయ్య అనుకున్నాను. నిద్రలో లేపి అడిగినా చెప్తుందది.

"అమో, అమాస్, అమత్..."

వెనక బెంచీలోంచి టక్.

చిన్నది ఆగిపోయింది. "కాదు కాదు... అమాస్, అమో..."

టక్.

చిన్నది మేష్టార్ని వదిలేసి వెనక్కి, అత్త వైపు తిరిగింది.

"మేష్టారూ, మా అత్త ఉంగరంతో కొడుతోందండీ!" అని అరిచాను.

"కొడితే ఏమైందమ్మా? చప్పుడైతే చదువు మర్చిపోతారా? మొదటి పాఠమే రాదు, ఆ అమ్మాయిని కూర్చోమనండి," అన్నారాయన విసుగ్గా.

తర్వాత అత్త లేచి గుక్క తిప్పుకోకుండా చివరిదాకా అప్పజెప్పింది. క్లాసంతా చప్పట్లు!

దారిలో చిన్నది ఏడుస్తూ అడిగింది. "నేను సరిగ్గానే చెప్పాను కదా అత్తయ్యా, ఎందుకు కొట్టారు?"

"ఉంగరం వదులైందే తల్లీ, అదే తగిలింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "వదులైతే తీసి పారేయండి!" అన్నాను.

"పారేస్తాలే, ఇప్పుడేం తొందర," అంది.

మర్నాడు షాపుకొచ్చి ఒకాయన దగ్గు మందు అడిగాడు. చిన్నది సరైన సీసానే తీసింది. అత్త టక్‌మనిపించింది. పిల్ల ఆ సీసా వెనక్కి పెట్టేసి ఇంకోటి తీసింది.

"చూశారా? దీనికి కాలేజీ కావాలట!" అని అత్త ఆయనతో పకపకా నవ్వింది.