పంపడమైనది

ఆ గని ఆఫీసులో ఉపేందర్ రాతకు తిరుగులేదు. కంపెనీ ఫైళ్లు చాలామటుకు ఇంగ్లీషులోనే నడుస్తాయి. కార్మికులు తెలుగులో పెట్టుకున్న దరఖాస్తులకు మాత్రం అతడు తెలుగులోనే నోట్ రాస్తాడు, అదీ గుండ్రటి అక్షరాలతో. ఏ మాట ఎక్కడ వాడాలో తనకు తెలిసినంతగా పై అధికారులకు కూడా తెలియదని అతడి నమ్మకం. సెలవు మంజూరవుతుంది. గనిలోకి దిగడానికి అనుమతి ఇస్తారు. ఖర్చుకు ఆమోదం లభిస్తుంది. క్వార్టర్ కేటాయిస్తారు. అడ్డు చెప్పేదేమీ లేకపోతే ‘అభ్యంతరం లేదు’ అని వేరే కాగితం వస్తుంది. ఇంత భాగ్యం ఉండగా కార్మికులు కిటికీ దగ్గర నిలబడి అన్నింటికీ కలిపి “సాంక్షనైందా సారూ?” అని ఒకే మాట అంటుంటే అతడికి ప్రాణం ఉసూరుమనేది.

ఇన్ని మాటలు తెలిసిన మనిషి ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మాట మాత్రం రాయలేదు. అది ‘సిఫారసు చేయడమైనది’. సిఫారసు చేస్తే ఎందుకు చేశావని రేపు ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ప్రతి దరఖాస్తు అడుగునా ‘నిబంధనల మేరకు పరిశీలనకై పంపడమైనది’ అని రాసి, సంతకం చేసి, ముద్ర గుద్ది పైకి తోసేవాడు. పంపినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. దీన్ని అతడు తెలివి అనుకున్నాడు. భార్య జమున దీనికి వేరే పేరు పెట్టింది కానీ, అది ఇక్కడ రాసేది కాదు.

అలాంటి ఉపేందర్‌కు ఒక కోరిక పుట్టింది. గనిలో బొగ్గు అయిపోయింది, పది రోజుల్లో మూసేస్తున్నారు. దాని నోటికి గోడ కట్టేస్తారు. అతడి తండ్రి సదయ్య ఆ గనిలోనే ముప్పై ఒక్కేళ్లు తట్టలతో బొగ్గెత్తాడు. తండ్రి పోయాక ఆ ఉద్యోగం కింద ఉపేందర్‌కు కుర్చీ దొరికింది. కుర్చీ నుంచి గని నోటికి నూరడుగులు కూడా ఉండవు. అయినా ఒక్కసారీ దిగలేదు. మొదట్లో భయం. తర్వాత తీరిక లేదన్నాడు. ఆ తర్వాత అనుమతి లేదన్నాడు, అడిగితే కదా ఉండడానికి. ఇప్పుడు గోడ కట్టేస్తారనగానే తండ్రి పనిచేసిన చోటు చూడకుండానే రిటైరైపోతానని గుండెల్లో కలుక్కుమంది.

“అందరి పర్మిషన్లు నీ చేతి మీదికెల్లే పోతయి గద. నీది నువ్వే రాసుకోరాదు?” అంది జమున.

“అట్ల కుదురదే. పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టాలె.”

పద్ధతి ప్రకారమే పెట్టాడు. ‘మా తండ్రిగారు పనిచేసిన స్థలాన్ని ఒక్కసారి దర్శించుకొనుటకు దయతో అనుమతి ఇప్పించగలరు’ అని రాసి, తానే చదువుకుని, తానే కళ్లు తుడుచుకున్నాడు. పొద్దున ఇన్‌వర్డులో ఇచ్చిన ఆ కాగితం మధ్యాహ్నానికి మిగతా దరఖాస్తుల కట్టలో కలిసి మళ్లీ అతడి టేబుల్ మీదికే వచ్చింది. గని మూసేస్తున్నారు కాబట్టి ఆ రోజు బదిలీ దరఖాస్తులే నలభై పైన ఉన్నాయి. పేర్లు చూసే ఓపిక లేక అడుగున రాసుకుంటూ, ముద్ర గుద్దుకుంటూ పోయాడు. సాయంత్రం టీ తాగుతుంటే గుర్తొచ్చింది, తన దాని మీద కూడా ‘పంపడమైనది’ అని రాసేశాడని. కట్ట అప్పటికే వెళ్లిపోయింది. వెనక్కి తెప్పించాలంటే దానికి ఇంకో దరఖాస్తు పెట్టాలి. ఆ నిబంధన తెచ్చింది కూడా తనే.

కాగితం ఊరేగింది. సేఫ్టీ వాళ్లు ‘వైద్యుల అభిప్రాయం కోరడమైనది’ అన్నారు. వైద్యులు ‘మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడు, అనుమతి మా పరిధిలోనిది కాదు’ అన్నారు. పర్సనెల్ విభాగం వాళ్లు ‘గని మేనేజర్ నిర్ణయానికి వదలడమైనది’ అన్నారు. తొమ్మిదో రోజున ఐదు సంతకాలు, నాలుగు ముద్రలతో తిరిగి వచ్చింది. అందులో అవునని లేదు, కాదని లేదు. చదువుతుంటే ఉపేందర్‌కు కడుపు మండింది. మండిన కాసేపటికి, ఆ భాష ఎవరు నేర్పిందో తెలిసి చల్లారింది.

మేనేజర్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “మీరే సిఫారసు చేసుకోలేదు, నేనెట్లా ఇవ్వను? పోనీ, లోపల షిఫ్టు పని చూసే సర్దార్ ఎవరైనా తన బాధ్యత మీద తీసుకెళ్తానని రాసిస్తే సంతకం పెడతాను. రేపే ఆఖరి షిఫ్టు” అన్నాడు.

రేపటి షిఫ్టుకు సర్దార్ రాయమల్లు. ఆ పేరు వినగానే ఉపేందర్‌కు పాత దరఖాస్తు ఒకటి గుర్తొచ్చింది. ఆరేళ్ల కింద రాయమల్లు మోకాలు దెబ్బతిని, పైన తేలిక పని ఇప్పించమని దరఖాస్తు పెట్టాడు. ఉపేందర్ ‘పంపడమైనది’ అన్నాడు. అది నాలుగు నెలలు తిరిగింది. ఆ నాలుగు నెలలూ రాయమల్లు రోజూ గనిలోకి పోయే వాలు దారి దిగుతూ ఎక్కుతూనే ఉన్నాడు. పని మార్చేసరికి మోకాలు పూర్తిగా పాడైంది. తర్వాత కాస్త కుదుటపడి మళ్లీ సర్దార్‌గా లోపలికి వెళ్లాడు గానీ కుంటు మాత్రం పోలేదు.

గనిలోకి దిగేవాళ్లకు లైట్లిచ్చే లాంప్ రూం దగ్గర రాయమల్లు టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు. ఉపేందర్ నసుగుతూ సంగతి చెప్పాడు. ఛీ కొడితే న్యాయమే అనుకున్నాడు. ‘పరిశీలిస్త పో’ అంటే ఇంకా న్యాయం.

“పెన్నియ్యి సారూ” అన్నాడు రాయమల్లు.

డబ్బా మూత మీద కాగితం పెట్టి రాశాడు: ‘ఉపేందర్‌ను నేను తోలుకపోత. తోలుకస్త. బాద్యత నాది.’ కింద పేరు. ‘బాద్యత’లో ఒత్తు పోయింది. దిద్దుదామని ఉపేందర్ చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగింది. సిగ్గుపడి వెనక్కి తీసుకున్నాడు. దాని కింద ‘అనుమతించడమైనది’ అని రాయడానికి మేనేజర్‌కు అర నిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు టోపీ, లైటు, నడుముకు బ్యాటరీ తగిలించుకుని ఉపేందర్ దిగాడు. మనుషుల్ని కిందికీ పైకీ మోసే తీగ కుర్చీలను అప్పటికే విప్పేశారు. నడకే. వంద మెట్లకే అతడి తొడలు వణికాయి. ముందు రాయమల్లు కుంటుతూ పోతున్నాడు. తండ్రి పనిచేసిన చోటికి చేరేసరికి అక్కడ ఇటుక గోడ ఉంది, ఏనాడో మూసేశారు. చూడడానికేమీ లేదు. ఉపేందర్ ఆ గోడ మీద అరచేయి పెట్టాడు. వెచ్చగా ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. రాయమల్లు లైటు పక్కకు తిప్పుకున్నాడు.

అసలు కష్టం ఎక్కడంలో తెలిసింది. ఇరవై అడుగులకోసారి రాయమల్లు ఆగి, గోడ పట్టుకుని, మోకాలు ఒత్తుకున్నాడు. అలా నాలుగు నెలలు ఎక్కాడు, తను రాయని ఒక్క మాట కోసం. ఉపేందర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

“అన్నా, నీ కాయితం మీద నేను రాయకపోతి. నువ్వెందుకు రాసినవు?”

“రాయకుంటె నువ్వు ఆఫీసులన్ని తిర్గుతవు. ఆ తిరుగుడు ఎట్లుంటదో నాకెర్కలేదా?” అన్నాడు రాయమల్లు, మోకాలు ఒత్తుకుంటూనే. “నడువ్ తమ్మీ, మస్తు ఎక్కాలె.”

మరునాడు ఉపేందర్ ఒళ్లంతా నొప్పులతో కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఒక్క దరఖాస్తే మిగిలింది. ఆఫీసు ఊడ్చే పోశవ్వది. ఆమెను రామకృష్ణాపూర్‌కు బదిలీ వేశారు. మొగుడు మంచం పట్టి ఉన్నాడు, ఈ ఊళ్లోనే వేరే ఆఫీసులో ఉంచమని వేడుకుంది. ఉపేందర్ చాలాసేపు చూసి ‘ఇదే ఊరిలో ఉంచవలసినదిగా సిఫారసు చేయడమైనది’ అని రాశాడు. ముందు పెన్సిల్‌తో. చుట్టూ చూశాడు. ఎవరూ వచ్చి ఎందుకని అడగలేదు. అప్పుడు పెన్నుతో దిద్దాడు. చెయ్యి దానంతటదే ‘నిబంధనల మేరకు’ అని కలపబోతుంటే పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

పోశవ్వ చీపురుతో గుమ్మంలోకి వచ్చింది. “నా కాయితం పంపినవా సారూ?”

“పంపుడు కాదవ్వా,” అన్నాడు ఉపేందర్. “రాసిన.”